రాజవ్వ పారబోసిన నీరు

2023 ఫిబ్రవరి. సిద్దిపేటలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో సర్జికల్ వార్డు నర్సుగా నాకప్పటికి పదకొండేళ్ల అనుభవం. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్లను చూసుకోవడంలో నాకు తెలియనిది లేదన్న ధీమా ఉండేది. ఆ ధీమా దించింది రాజవ్వ.

ఆమెది ధూళిమిట్ట దగ్గర పల్లె. యాభై ఐదేళ్లు, భారీ మనిషి. క్యాన్సర్ వల్ల ఎడమ రొమ్మూ, చంకలోని గ్రంథులూ తీసేశారు. అలా తీసినచోట ఊరి నిలిచే నీటిని సెరోమా అంటాం. లావుగా ఉన్నవాళ్లకు, చంక గ్రంథులు ఎక్కువగా తీసినవాళ్లకు, మొదటి రోజుల్లోనే నీరు బాగా వచ్చినవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. రాజవ్వకు ఈ మూడూ ఉన్నాయి. అందుకే డ్రెయిన్‌తోనే ఇంటికి పంపాం. అంటే నీటిని బయటికి లాగే సన్న గొట్టం, దాని చివర ప్లాస్టిక్ డబ్బా. రోజూ పొద్దున్నే కోడలు లత నీరు కొలిచి కాగితం మీద రాయాలి. వరసగా రెండు రోజులు ముప్పై ఎంఎల్ లోపు వస్తే తీసేస్తామని చెప్పాను. ఎందుకో మాత్రం చెప్పలేదు.

తొమ్మిదో రోజు కాగితం తెచ్చారు. డెబ్బై, అరవై ఐదు అని ఉన్నది ఒక్కసారిగా ఇరవై ఐదుకు, ఇరవైకి పడిపోయింది. నాకు అనుమానం రాకపోలేదు. కానీ బయట ఓపీ నిండా జనం. డాక్టరుగారు కాగితం చూసి సరేనన్నారు. గొట్టం నేనే తీశాను.

గొట్టం తీసిన పన్నెండు రోజులకు లత ఆమెను మళ్లీ తీసుకొచ్చింది. చంక కింద బత్తాయంత వాపు, చర్మం బిగిసి మెరుస్తోంది. వారంగా ఎవరికీ చెప్పకుండా పైట కింద దాచిందట. అన్నం మానేసిందట. తన కమ్మలు ఎవరికివ్వాలో కూడా నిన్న చెప్పేసిందని లత ఏడ్చింది.

రాజవ్వ ఒక్కటే అడిగింది. "మల్లొచ్చిందా బిడ్డా?"

చెయ్యి వేసి చూస్తే వాపు వెచ్చగా తగిలింది. నీరే అయ్యుంటుంది, కానీ చీము పట్టి ఉంటే? మొదలుపెట్టాల్సిన కీమో ఆగిపోతుంది. ఆ గొట్టం తీసింది నా చేతులే. డాక్టరుగారు సూది గుచ్చారు. రాజవ్వ సిరంజి వైపు చూడలేదు, నా మొహమే చూస్తూ ఉంది. నా భయం ఆమెకు కనిపించే ఉంటుంది.

సిరంజిలోకి లేత పసుపు నీరు వచ్చింది. చీము కాదు.

"నీళ్లే పెద్దమ్మా, రోగం గాదు," అన్నాను.

అప్పుడు ఏడ్చింది, ఏడ్చాక చెప్పింది. ఆపరేషన్ బల్ల మీద నుంచి బతికి లేస్తే కొమురవెల్లి మల్లన్నకు పట్నం వేయిస్తానని మొక్కుకుందట. పట్నమంటే దేవుడి ముందు రంగుల ముగ్గు వేసి చేసే పూజ. గొట్టం తీసిన వారంలోని ఆదివారానికి బండి కూడా ముందే మాట్లాడుకున్నారు.

"నెత్తురు నీళ్ల డబ్బా యాలాడేసుకొని దేవుని ముంగట ఎట్ల కూసుండాలె? లత లేవకముందే సగానికెక్కువ మోరీల పోసిన. బోనం కుండ గూడ నెత్తిన ఎత్తుకున్న," అంది. తర్వాత మెల్లగా, "నువ్వు ముప్పై అంటివి. నేను ముప్పై జేసిన," అంది.

నాకు మొదట ఆమె మీద కోపం వచ్చింది. ఇంటికి వెళ్లాక నా మీద వచ్చింది. ఆ లెక్క తగ్గితే లోపల నీరు ఊరడం తగ్గినట్టని, చెయ్యి పైకెత్తి బరువు మోస్తే మళ్లీ ఊరుతుందని ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. పరీక్ష పాసు మార్కు చెప్పినట్టు ముప్పై అని చెప్పి పంపాను. ఇంకో రెండుసార్లు సూది గుచ్చాకగానీ వాపు తగ్గలేదు. కీమో మాత్రం ఆగలేదు, ఆమె ఇప్పుడు బాగుంది.

ఇప్పుడు డ్రెయిన్ తీసేముందు కాగితం ఒక్కటే చూడను. "ఈ వారంల ఏడికన్న పోయేదున్నదా?" అని అడుగుతాను. జవాబు చెప్పేముందు ఎవరైనా తల దించుకుని డబ్బా వైపు చూస్తే, కాగితం మీద ఎంత రాసి ఉన్నా, గొట్టం ఇంకో రెండు రోజులు ఉంచమని డాక్టరుగారిని అడుగుతాను.