పెద్దమ్మ గోడకు పట్టిన దయ్యం

నేను దయ్యం సినిమాలు తీస్తాను, దయ్యం నవలలు రాస్తాను. వాటికి భయపడేది మా ఇంట్లోవాళ్లే, అదీ నేను ఇంకొకటి మొదలుపెడతానేమోనని. నా దయ్యం మా బావ. షిఫ్టు దిగివచ్చి అక్క నైటీ తొడుక్కుంటే, చూసేవాళ్లకు భయంకన్నా జాలి ఎక్కువ.

ఒక్క సినిమాకు మాత్రం గోదావరిఖని కుర్రాళ్లు కూడా జడుసుకున్నారు. దాన్ని పెద్దమ్మ ఇంట్లో తీశాను. ఆమె ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గు గని అంచున ఉంది. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, కాసేపటికి గనిలో బండ పేలుస్తారు, ఇల్లు ఊగుతుంది. ఇంత పెద్ద ఎఫెక్టు ఉచితంగా ఎవరిస్తారు? కెమెరా ముందే గిన్నెలు దొర్లాయి, గోడలో పగులు పైకి పాకింది. బావ ఊరికే నిలబడ్డాడు. సైరన్ తీసేసి కుక్క ఏడుపు అతికించి యూట్యూబులో పెట్టాను. మెమరీ కార్డులో చోటు చాలక అసలు రికార్డింగు చెరిపేశాను.

వానలకు ఆ పగులులో చెయ్యి దూరసాగింది. పెద్దమ్మ ఒంటరిది, పడుకునేది ఆ గోడ కిందే. నష్టపరిహారం రాసేముందు గోడలు చూడటానికొచ్చిన గని ఆఫీసరు, "పాత ఇల్లమ్మా, దానంతటదే పగిలింది" అన్నాడు.

"గట్లెట్ల పలుగుతది సారూ? బాంబు పేల్చినప్పుడు మా పోరడు సీన్మ తీసిండు. సూపెట్టురా!"

చూపించాను. కుక్క ఏడ్చింది, నైటీలో బావ వచ్చాడు, గోడ పగిలింది. ఆఫీసరు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"దయ్యం పగలగొడితే మేమేం చేస్తామమ్మా?"

"సార్, ఆ దయ్యాన్ని నేనే," అన్నాడు బావ. "దేవుని తోడు, గోడను ముట్టలే."

ఆయన ఇంకా నవ్వి, "బాగా తీశావు తమ్ముడూ" అని వెళ్లిపోయాడు. నాకు దక్కిన మొదటి మెప్పు అదే.

"నవ్వుడైంది గదా, ఇగ మంచం పట్టు," అంది పెద్దమ్మ. మంచాన్ని వాకిట్లో వేశాం. మర్నాటినుంచి సైరన్ మోగగానే బయట నిలబడి కెమెరా పెట్టాను. కుక్క లేదు, బావ లేడు. ఒక మధ్యాహ్నం పేలుడుకు గోడ, మొన్నటిదాకా మంచమున్న చోట కూలింది.

ఆ వీడియో పట్టుకుని ఆఫీసుకు పోయాం. ఆయన గుర్తుపట్టాడు. నవ్వుకు సిద్ధమై చివరిదాకా చూశాడు.

"ఇందులో దయ్యమేది తమ్ముడూ?"

"గిదేంది సారూ, కనవడ్తలేనా?" అంది పెద్దమ్మ. "నీ ఎదురుంగనే కూసున్న."

ఈసారి ఆయన నవ్వలేదు. పరిహారం రాయనూ లేదు.