మా అమ్మ ఎత్తి పట్టిన ఫోన్ వైరు

మా చిన్నప్పుడు అమ్మ ఫోన్ మాట్లాడాలంటే ఊరి పెద్ద పటేల్ వాళ్ల గడప బయట నిలబడేది... ఫోన్ లోపల బల్ల మీద ఉండేది. దాని మెలికల వైరు ఎంత సాగితే అంత సాగదీసి, రిసీవరు గడప ఇవతలికి అందించేవాళ్లు. కాలు లోపల పెట్టమని ఎవరూ అనలేదు. ఎందుకనలేదో ఊళ్లో అందరికీ తెలుసు.

ఎడపల్లి దాటాక బోధన్ రోడ్డుకు అటు పక్క ఊరు, ఇటు పక్క మా వాడ. నాన్నను మేం బాపు అనేవాళ్లం. బాపు మస్కట్‌లో మేస్త్రీ పని చేసేవాడు. అక్కడ శుక్రవారం సెలవు... చర్చికి కూడా శుక్రవారమే పోయేవాడట. ప్రార్థనా వంటా అయ్యాక, మాకు సాయంత్రం పూట ఫోన్ చేసేవాడు. పటేల్ ఇంట్లో అందరూ వింటుండగా అమ్మ ఏం మాట్లాడుతుంది? "మంచిగున్నం. నువ్వు మంచిగున్నవా?" అంతే.

ఒక శుక్రవారం అమ్మ నోట ఇంకో మాట వచ్చింది. "ఏడ్వకు" అంది, మెల్లగా.

మర్నాడు బోరింగు దగ్గర బిందె పెట్టగానే ఒకామె అడిగింది. "ఏం రూతమ్మా, మీ ఆయన ఫోన్ల ఏడ్సిండంట గద?"

అమ్మ బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది. ఆ వారమే సొంత ఫోన్‌కు దరఖాస్తు పెట్టింది. బీడీలు చుట్టేదానికి ఫోనెందుకని నవ్వినవాళ్లున్నారు... నవ్వనీ.

చాన్నాళ్లకు ఫోన్ వచ్చింది. స్తంభం ఊరి వైపు ఉంది కాబట్టి నల్ల వైరు రోడ్డు మీదుగా మా ఇంటికి దిగింది. మొదటిసారి బాపు ఫోన్ మోగగానే అమ్మ ఏం చేసిందనుకున్నారు? నన్నూ తమ్ముడినీ బయటికి తోలి తలుపేసుకుంది! మేం ఊరుకుంటామా, తలుపుకు చెవులు ఆనించాం. లోపల అమ్మ నవ్వుతోంది. ఫోన్‌లో అమ్మ నవ్వడం మేం వినడం అదే మొదలు.

ఇంతలో చెరుకు కొట్టే కాలం వచ్చింది. ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు... ట్రాలీల మీద చెరుకు మా ఇంటి కప్పుకన్నా ఎత్తు. ఒకటి మా వైరును తెంపుకుని పోయింది. లైన్‌మన్ వచ్చి కలిపాడు. మళ్లీ తెగింది. శుక్రవారాలు ఫోన్ లేకుండానే పోయాయి. టెలిఫోన్ ఆఫీసులో ఎత్తు స్తంభం వేయమంటే వేస్తామన్నారు... అన్నారంతే.

తెంపిన ట్రాక్టర్ పటేల్‌దే. ఆయనే ఒకరోజు మా ఇంటి ముందు మోటర్‌సైకిల్ ఆపి అన్నాడు. "గీ వైరు తీసేపియ్యి రూతమ్మా. ఎప్పటిలెక్క మా ఇంటికొచ్చి మాట్లాడుకో. ఇప్పుడు నా దగ్గర సెల్లు గుడ ఉన్నది. దానికి వైరే లేదు."

"మీ సెల్లుకు వైరు లేదు పటేలా" అంది అమ్మ. "మీ ఇంటికి గడపైతే ఉన్నది గద."

ఆయన మొహం ఎలా అయిందో నేను చూడలేదు. నేను అమ్మనే చూస్తున్నాను.

మర్నాడు అమ్మ ఒక వెదురు బొంగు తెచ్చి, దాని చివర పంగ ఉన్న కొమ్మ కట్టింది. చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని రోడ్డు పక్కనే కూర్చుని బీడీలు చుట్టేది. ట్రాలీ కనబడితే చాట పక్కన పెట్టి, లేచి, ఆ కట్టెతో వైరును పైకెత్తేది. బండి పోయాక మళ్లీ కూర్చునేది. డ్రైవర్లు కసురుకునేవాళ్లు. పిచ్చిదన్నవాళ్లూ ఉన్నారు. బడి నుంచి వచ్చాక కట్టె నా చేతికిచ్చేది... శుక్రవారం మాత్రం ఇచ్చేది కాదు.

అలాంటి ఒక శుక్రవారం సాయంత్రం పటేల్ ట్రాక్టర్ వచ్చింది. అమ్మ వైరు ఎత్తింది. ట్రాలీ సగం దాటిందో లేదో, ఇంట్లో ఫోన్ మోగింది. కట్టె దించితే వైరు చెరుకులో చిక్కుకుంటుంది. వెనక ఇంకా ట్రాలీలు వరసగా వస్తున్నాయి. అమ్మ కదలలేదు. నేనే ఉరికి ఫోన్ ఎత్తాను.

"అమ్మ ఏది బిడ్డా?" అన్నాడు బాపు.

"రోడ్డు మీద నిలబడ్డది బాపూ. నీ ఫోనే పట్టుకున్నది."

బాపుకు ఏమర్థమైందో... ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

తెరిచిన తలుపులోంచి నాకు రోడ్డు కనిపిస్తూనే ఉంది. డ్రైవర్ ట్రాక్టర్ ఆపి కిందికి దిగాడు. అమ్మ చేతిలోని కట్టె పట్టుకున్నాడు. "నువ్ పో అక్కా, మాట్లాడు. నేను పట్టుకుంట."

అమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఇడువకు మల్ల."

"ఇడువనక్కా, పో."

అమ్మ వచ్చి, రిసీవరు తీసుకుని, నన్ను బయటికి తోలి తలుపేసుకుంది. ఆగిన ట్రాక్టర్ వెనక ఇంకో ట్రాలీ, దాని వెనక ఇంకోటి, ఆ వెనక బస్సు... హారన్లు, తిట్లు. ఇంతలో పటేల్ వచ్చాడు. చూస్తే తన డ్రైవరే మా వైరు ఎత్తిపట్టి నిలబడ్డాడు.

"ఏందిరా ఇది?"

"అక్క మాట్లాడుతున్నది పటేలా. జర ఆగుర్రి."

అమ్మ ఏమీ తొందరపడలేదు. ఆమె మాటలు అయ్యేదాకా బోధన్ రోడ్డు మీద చెరుకంతా ఆగింది. ఆగాలి కూడా. తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే.

మొన్న మా అమ్మాయి కంప్యూటర్ పాఠం పైకి చదువుతోంది... "వైరుతో నష్టాలు. తెగిపోతుంది. లాగడానికి దారి కావాలి. వైర్‌లెస్ అయితే ఏ అడ్డూ లేకుండా ఎక్కడికైనా చేరుతుంది." పరీక్షలో అలాగే రాయి తల్లీ, మార్కులు పోగొట్టుకోకు, అన్నాను. నేను మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు బస్సెక్కితే చాలు, స్పీకర్ పెట్టి మొగుడూ పెళ్లాల ముచ్చట్లు ఊరంతటికీ వినిపిస్తున్నారు. అమ్మకూ సెల్లుంది. బాపు మస్కట్ వదిలి వచ్చి చాలా ఏళ్లయింది. బస్సులో ఉన్నప్పుడు ఆయన ఫోన్ చేస్తే, "ఇంటికొచ్చి మాట్లాడుత" అని పెట్టేస్తుంది.

మాట గాలిలో వస్తోందని మురిసిపోండి, కాదనను. మా ఇంటికి మాత్రం గాలికి రాలేదు... రూతమ్మ తెచ్చింది. మీ ఇంటికి మాటను తెచ్చిందెవరు? పేరు పెట్టి రాయండి.