కత్తెర లేని ఇల్లు

మా పిన్నికి ఒకే ఒక్క పిచ్చి. కాగితం కనిపిస్తే చింపేస్తుంది. కోపంతో కాదు, ప్రేమతో. ఆ ముక్కలన్నీ అట్ట మీద అతికించి ఏనుగులు, ఓడలు, వానలో తడిసే ఇళ్ళు తయారుచేస్తుంది. దీన్ని కొలాజ్ అంటారు పిన్నీ అని నేను జ్ఞానం ప్రదర్శించబోతే, "ఏదో ఒకటి అనుకోండిలేరా. ముందా చేతిలో కాగితం పారేస్తున్నావా?" అంది.

ఆ "పారేస్తున్నావా?"కి లేదని చెప్పి బయటపడ్డవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. ఎదురింటాయన కొత్త చెప్పులు కొనుక్కొస్తుంటే దారిలోనే ఆపి, డబ్బాలోంచి పల్చటి కాగితం లాగేసింది. దాంతోపాటు ఒక చెప్పు ఎగిరి కాలవలో పడింది. "పోనీలెండి, చెప్పులు ఎప్పుడైనా దొరుకుతాయి. ఈ తెలుపు మళ్ళీ దొరకదు" అని తనే ఆయన్ని ఓదార్చింది.

ఇక సొంత ఇంట్లో అడగడం కూడా ఉండదు.

"ఏమే, క్యాలెండర్లో పదిహేనో తారీఖు ఏదే? పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి" అని అరిచాడొకసారి బాబాయి.

"ఏనుగు ఎడమ చెవిలో చూడండి."

పాపం, కళ్ళజోడు పెట్టుకుని ఏనుగు చెవిలోకి తొంగి చూశాడు. అది బుధవారమని తెలిసింది గానీ, ఏ నెలో ఏనుగు చెప్పలేదు.

ఇంత పిచ్చి ఉన్న మనిషి ఇంట్లో మచ్చుకి ఒక్క కత్తెర లేదు. మొన్నమొన్నటిదాకా ఉండేవి. ఉన్నట్టుండి ఒకరోజు అన్నిటినీ మూటగట్టి, వీధి చివర బట్టలు కుట్టే ఆవిడకి దానం చేసేసింది.

"ఇదేం కొత్త వేషం పిన్నీ?" అన్నాను.

"కత్తెరతో కోస్తే ఉత్త కోతలే మిగుల్తాయిరా. చేత్తో చింపితేనే బొమ్మకి ప్రాణం."

"కోతలకేం, కత్తెర లేకపోయినా నీకు లోటు లేదులే" అన్నాడు బాబాయి.

అక్కణ్ణుంచి ఆయన బతుకు బస్టాండైంది. పాల ప్యాకెట్లు పంటితో కొరకాలి. కొత్త చొక్కా తొడుక్కుంటే వెనక చీటీ మెడ మీద వేలాడుతూ ఉంటుంది. చివరికి నాకు ఫోన్ చేసి గుసగుసలాడాడు. "ఒరేయ్, వచ్చేటప్పుడు చిన్న కత్తెర పట్రారా. మీసం నోట్లోకి వచ్చేస్తోంది. మీ పిన్నికి తెలిసిందో, ఇద్దరికీ మూడినట్టే."

పట్టుకెళ్ళాను. హాల్లో దాన్ని ఆయన అరచేతిలో పెట్టానో లేదో, మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

పై వాటాలో ఉండే వాచీలు బాగుచేసే ఆయన. గసగసాలంత పళ్ళచక్రాలతో జీవితమంతా గడిపిన మనిషి. ఆమధ్య చేతులు వణకడం మొదలై కొట్టు మూసేశాడు. చేతులు జేబుల్లో దాచుకుని కిటికీ దగ్గర కూర్చుంటున్నాడనీ, అన్నానికి కూడా లేవట్లేదనీ వాళ్ళక్క మా పిన్ని దగ్గర ఏడ్చిందట. ఆ పొద్దునే పిన్ని పైకెళ్ళి, సముద్రం బొమ్మ చేస్తున్నాను, ఇంట్లో కత్తెర లేదు, చేత్తో చింపడానికి సాయం పట్టమని అడిగి వచ్చింది.

ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. "చెల్లెమ్మా, నిజం చెప్పు. నేను కత్తెర పట్టుకోలేనని తెలిసే కదా, మా ఇంట్లో కత్తెరే లేదని కథలు చెప్పావు? జాలిపడి పిలిస్తే మాత్రం నేను రాను. మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దు."

"వెతుక్కోండి అన్నయ్యగారూ" అంది వంటింట్లోంచి వచ్చిన పిన్ని, తొణక్కుండా.

కత్తెర ఇంకా బాబాయి గుప్పిట్లోనే ఉంది. కత్తెరలన్నీ ఎందుకు దానమయ్యాయో అప్పుడు గానీ ఈ మట్టిబుర్రకి ఎక్కలేదు. బాబాయి పిన్ని మొహంలోకి ఒక్కసారి చూశాడు. మెల్లిగా కత్తెరని కుర్చీలో పెట్టి, దాని మీద కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కిక్కురుమనలేదు.

వాచీలాయన వెతకడం కూడా వాచీ విప్పినట్టే వెతికాడు. సూదుల డబ్బా, వంటింటి సొరుగు, పరుపు కింద, ఏదీ వదల్లేదు. పాల ప్యాకెట్ మీద పంటిగాట్లు చూసి కాస్త మెత్తబడ్డాడు. చివరికి కుర్చీ ముందుకొచ్చాడు.

"బావగారూ, ఒక్కసారి లేస్తారా?"

"నడుం పట్టేసిందండీ. చచ్చినా లేవలేను."

ఆయన అనుమానంగా కుర్చీ చుట్టూ తిరిగాడు. "మెడ మీద ఈ చీటీ ఏమిటి?"

"మరేం చెయ్యమంటారు? కొంపలో కత్తెరంటూ ఏడిస్తేగా!"

ఆ గొంతులో బాధ నూటికి నూరుపాళ్ళూ నిజం. అబద్ధానికి అంత బాధ రాదు. వాచీలాయన పకపకా నవ్వేశాడు. నవ్వి, నేల మీద చతికిలబడి, జేబుల్లోంచి చేతులు తీసి నీలం కాగితం అందుకున్నాడు.

ఆయన చింపుతుంటే చెయ్యి వణికినచోటల్లా అంచు ఒక అల అయింది. పెద్దదొకటి, దాని వెనకే చిన్నవి రెండు. పిన్ని ఆ ముక్కని అందుకుని వెలుతురుకి ఎత్తి పట్టింది. "చించేశారు అన్నయ్యగారూ!"

"ఊరుకో చెల్లెమ్మా. నీ అలలు చూడు, ప్రహరీగోడలా ఉన్నాయి. అసలు సముద్రమంటే ఇదేనా? ఇలా తే" అని ఆమె చేతిలో కాగితం కూడా లాక్కున్నాడు. పిన్నిని అలా దబాయించిన మగాణ్ణి చూడటం అదే మొదటిసారి. నాకెంత సంతోషమేసిందో!

జిగురు డబ్బా కోసం లేచిన పిన్ని, కుర్చీ పక్కనుంచి పోతూ వంగి బాబాయి చెవిలో అంది: "ఇంకాసేపు నడుం అలాగే పట్టేసి ఉండనివ్వండి. ఆకాశం కూడా ఆయన చేతే చింపిద్దాం."

"సముద్రం చాల్దుటే?" అన్నాడు బాబాయి నీరసంగా. అన్నాడే గానీ, లేవలేదు.