పది అంటే పది డబ్బాలు

మా వీధిలో మందుల దుకాణం నడిపే కాక మొన్న సోమవారం కన్నుమూశారు. బడిలో పాఠం చెబుతుండగా కబురు వచ్చింది. ఆయన తెప్పించిన మందుతో బతికిన మా బాపు, కర్ర పట్టుకొని నా వెంట శ్మశానం దాకా నడిచాడు.

కరీంనగర్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతలే ఆయన దుకాణం. ఆయన బిల్లు రాసే తీరుకు తొందరలో ఉన్నవాళ్లకు ఒళ్లు మండేది. 'మాత్రలు పన్నెండు', 'టానిక్కు సీసా ఒకటి, వంద మిల్లీలీటర్లది' అని, పక్కన బ్యాచి నంబరుతో సహా రాసేవారు. ఒకరోజు బడికి ఆలస్యమవుతోందని, "వట్టి పన్నెండని రాస్తే సరిపోదా కాకా?" అన్నాను.

"పన్నెండేంది బిడ్డా? మాత్రలా, సీసలా, డబ్బాలా? పక్కన మాట లేకుంటే అంకె ఎవ్వలికీ ఏం చెప్పదు. బిల్లు మాత్రం పారెయ్యకు."

బాపుకు క్షయ వచ్చిన ఏడాది కాక హైదరాబాదు నుంచి ఇంజక్షన్లు తెప్పించి, తానే ఇంటికొచ్చి వేసేవారు. మా చుట్టుపక్కల ఇంకో ఏడెనిమిది మందికీ అవే దిక్కు. చికిత్స సగంలో ఉండగా తనిఖీ అధికారి వచ్చి వాటికి సీలు వేశారు. టోకు వ్యాపారి పంపిన బిల్లులో ఇంజక్షన్లు '10' అని మాత్రమే ఉంది. కాక అప్పటికే తొంభై అమ్మారు.

"పది వస్తే తొంభై ఎలా అమ్మారు? మిగతావి నకిలీవేనా?" అన్నారు అధికారి.

"పది డబ్బాలు సార్. డబ్బకు పది సూదిమందు బుడ్లు. ఖాళీ డబ్బాలున్నయి, నా బిల్లు బుక్కున్నది, సూడుండ్రి."

"పుస్తకం మీరు రాసుకున్నదే. ఖాళీ డబ్బాలు ఎక్కడైనా దొరుకుతాయి. రేపటిలోగా రుజువు లేకపోతే లైసెన్సు రద్దవుతుంది."

ఆయన వెళ్లాక కాక నా వైపు తిరిగారు. "నా సంగతి పోనీ. మీ బాపుకు రేపటి సూది ఎట్ల బిడ్డా?"

ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాను. చీరల పెట్టెల్లోంచి, దేవుడి పటాల వెనక నుంచి బిల్లులు బయటికి వచ్చాయి. మరునాడు పొద్దున్నే అందరం దుకాణం ముందు నిలబడ్డాం. అధికారి ఒక్కొక్కటీ చదివారు. ప్రతి బిల్లు మీదా 'బుడ్లు' అనే మాట, బ్యాచి నంబరు. మొత్తం తొంభై. తొమ్మిది ఖాళీ డబ్బాల మీదా, సీలు వేసిన పదో డబ్బా మీదా అదే నంబరు ఉంది.

"ఇన్నాళ్లూ ఇవి ఎలా దాచారమ్మా?" అని ఆయన మా పక్కింటి మగ్గం నేసేవాళ్ల కోడలిని అడిగారు.

"కాక పారెయ్యద్దన్నడు. మేం పారెయ్యలే" అంది.

అధికారి తన చేత్తోనే సీలు తీశారు. ఇకమీదట అంకె పక్కన డబ్బాలో బుడ్లో స్పష్టంగా రాయాలని టోకు వ్యాపారికి అక్కడే కూర్చొని ఉత్తరం రాసి, నమూనాగా కాక బిల్లు ఒకటి జతచేశారు. కాక నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు.

పదో డబ్బా విప్పి నేరుగా మా ఇంటికి నడిచారు. వెనక మేమంతా. వాకిట్లో బాపు అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాడు.