కుంకుమ బొట్టు పెట్టిన ఫ్లాపీ

పాలమూరులో మా ముందు గదిలో ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ పెట్టుకుని పెళ్లి పత్రికలు కంపోజ్ చేసేవాణ్ణి. అందులోని తెలుగు సాఫ్ట్‌వేర్ పాతదే కానీ ఏనాడూ మొరాయించలేదు. నాకేమో చేతులు ఊరుకోవు. కొత్త వెర్షన్‌లో పూలతీగల అంచులున్నాయని విని, జాగా కోసం పాతదాన్ని చెరిపేసి మరీ ఎక్కించాను. కావాలంటే మళ్లీ ఎక్కించుకోవడానికి పాత ఫ్లాపీలు ఉన్నాయి కదా అని ధీమా.

ఆ వారమే పక్కింటి టైలర్ చాచా తన కూతురి పెళ్లి పత్రిక తెచ్చాడు. ఉర్దూది అచ్చయిపోయింది, తెలుగుది నాకిచ్చాడు. శుక్రవారానికల్లా ప్రెస్సుకు చేరకపోతే ఊళ్లలో పంచడానికి టైం ఉండదు. అంచులు అద్భుతంగా వచ్చాయి. ప్రింటు తీస్తే మాత్రం పెళ్లికూతురి పేరున్న చోట నల్లటి డబ్బాలు! పదిసార్లు తీశాను, పదిసార్లూ డబ్బాలే. నా మీద నాకే ఒళ్లు మండింది.

పాత ఫ్లాపీలు తీశాను. మూడోది పెట్టగానే డ్రైవు కిర్రుమని ఆగిపోయింది. దసరా నాడు పనిముట్ల పూజలో అమ్మ వాటన్నిటికీ తడి కుంకుమ బొట్లు పెట్టింది. దీనికి మాత్రం బొట్టు సరిగ్గా పక్కకు జరిగే చిన్న రేకు తలుపు మీద పడి, లోపలికి కారి ఎండిపోయింది.

"అన్నిటికీ పెట్టిన బిడ్డా, దానికి జర ఎక్కువైనట్టుంది" అంది అమ్మ తాపీగా.

చాచాకు చెప్పక తప్పలేదు. తిడతాడనుకున్నాను.

"గిరాకీ బట్ట మీద కొత్త కటింగ్ నేర్సుకుంటరా బేటా? నేనైతే ముందుగాల పాత దుప్పటి మీద కత్తిరిస్త" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఫ్లాపీని అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల ఏముంటది?" అని అడిగాడు.

"పల్చటి నల్ల బిళ్ల, చాచా."

"గంతేనా? తే ఇటు."

కత్తెర మొనతో చట్రం అంచు విప్పి, బిళ్ల బయటికి తీసి, మెత్తటి మల్లు గుడ్డతో ఎరుపంతా తుడిచి, ఒక ఖాళీ ఫ్లాపీ చట్రంలో కూర్చాడు. డ్రైవులో పెట్టాను. చదివింది! అమ్మ దేవుడికి దండం పెట్టింది, నేను చాచాకు పెట్టాను. అంచుల్లేని పత్రిక గురువారమే ప్రెస్సుకు పోయింది.

తర్వాత ఆటలన్నీ తీసేసి రెండు వెర్షన్లకూ చోటిచ్చాను. నా సరదాలు కొత్తదాంట్లో, జనం పని పాతదాంట్లో. హాయిగా గడిచింది. పాత ఫ్లాపీలను మాత్రం ఏటా దసరా ముందురోజు చాచా గుండీల డబ్బాలో దాచేవాణ్ణి.

"పాతయే తెచ్చినవ్, కొత్తయి ఏవిరా?" అన్నాడు ఒక ఏడు.

"అమ్మ దగ్గర పూజకున్నయి చాచా. దేవుడు కావాల్సింది వాటికే."