ద్వారబంధం మీది కుంకుమ

ఈ ఉదయం ఉప్పల్‌లో మా ఫ్లాటు నల్లా బుస్సుమని ఎర్రటి నీళ్లు కక్కింది. ఆ తుప్పు వాసనకు నాచారంలోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. ఆ ఆదివారం సండే స్కూల్లో బైబిల్లోని ఐగుప్తు (ఈజిప్టు) కథ విన్నాను. దేవుడు పంపిన తెగుళ్లలో మొదట నది నెత్తురైంది. చివరికి ప్రతి ఇంట్లో మొదట పుట్టిన బిడ్డ చనిపోయింది. సాయంత్రం మా బోరు కింద బకెట్టు ఎర్రగా నిండింది. వేలు ముంచి నాకి చూశాను. పన్ను ఊడినప్పటి నెత్తురు రుచే! మా ఇంట్లో మొదట పుట్టింది నేనే.

"తుప్పు బిడ్డా, పైపులు పాతగైనయ్," అన్నాడు ల్యాబులో పనిచేసే నాన్న. "ఐగుప్తుల గూడ ఎర్రమన్నే కలిసిందేమో."

"దేవుని పనికి తుప్పని పేరు పెడ్తవారా?" నాయనమ్మ కసిరింది.

ఏదైతేనేం, తర్వాత వచ్చేది నాకోసమేగా! కథలో గొర్రెపిల్ల నెత్తురు పూసిన ఇళ్లను మరణదూత దాటిపోయాడు. మాకు గొర్రెపిల్ల లేదు. పక్కింటి ఆంటీ గడపకు పెట్టే కుంకుమ అడిగి తెచ్చి, కుర్చీ ఎక్కి, మా ద్వారబంధమంతా పూశాను.

బొట్టు కూడా పెట్టుకోని అమ్మ హడలిపోయింది. "ఏందే గిది? చర్చి అయ్యగారు జూస్తె ఏమంటరు?"

నాన్న తడిగుడ్డతో రెండు పక్కలా తుడిచాడు. పైకమ్మి దాకా వచ్చి, నా వైపు చూసి ఆగాడు.

"పైన పొద్దుగాల తుడుస్త తియ్," అన్నాడు.

ఆ రాత్రి భయపడింది నేనొక్కదాన్నే కాదని, నాకూ ఒక బిడ్డ పుట్టాకే తెలిసింది.