మచ్చలేని మనిషి

దయ్యం పట్టిందనీ గాలి సోకిందనీ ఎవరైనా చెబితే, ముందు వాళ్లకు రక్తపరీక్ష చేయించాలనిపించేది నాకు. కరీంనగర్‌లో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రోజూ రక్తం తీసి, మిషన్ ఏం చెబితే అదే నమ్మేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

నా ఎడమ చెంప మీద పుట్టుకతో వచ్చిన మచ్చ ఉంది. కంటి కింద మొదలై దవడ దాకా వక్క రంగులో ఉంటుంది. మాది సిరిసిల్ల. నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. బాపు మరమగ్గాల మీద పని చేస్తాడు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు చాయ్ తాగి, ఫోన్ చేసి చెప్తామని వెళ్లేవాళ్లు. ఎవరూ చేయలేదు.

నాతోపాటు పనిచేసే రజిత ఒకరోజు నా ఫోన్ లాక్కుని డేటింగ్ యాప్ ఎక్కించింది. నా ఫోటో తీసి, తెర మీద చెంప దగ్గర వేలితో రుద్దింది. మచ్చ పోయింది. రంగు కాస్త తేలింది. ముక్కు కూడా సన్నబడినట్టుంది.

"గిది నేను కాదే," అన్నాను.

"అందరు గిట్లనే పెడ్తరు. మాట కలిసినంక చెప్దువు తియ్," అంది.

ఆ సాయంత్రానికే ఫోన్ మోగడం మొదలైంది. నన్ను చూడాలని ఎవరో తొందరపడటం నాకు అదే మొదటిసారి. సంతోషపడ్డాను, అబద్ధమెందుకు. వాళ్లలో నరేష్ ఒకడు. నస్పూర్ వాడు, బొగ్గు గనిలో కాంట్రాక్టు పని. మంచిగా మాట్లాడేవాడు. వీడియో కాల్ అడిగినప్పుడల్లా హాస్టల్లో సిగ్నల్ లేదనేదాన్ని.

కొన్నాళ్లకు, ఆదివారం మానేరు డ్యాం కట్ట మీద కలుద్దామన్నాడు. సరేనన్నాను. కానీ ముందురోజు ధైర్యం చాలలేదు. డ్యూటీ పడింది, రాలేనని మెసేజ్ పెట్టి, నిజంగానే డ్యూటీ అడిగి వేయించుకున్నాను. ఆ రోజంతా ల్యాబ్‌లోనే ఉన్నాను. రజిత నా పక్కనే ఉంది.

సాయంత్రం నరేష్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "రానన్నవ్, మళ్ల వచ్చినవ్. ఫోటోల కంటే మంచిగున్నవ్." కింద ఒక ఫోటో.

కట్ట గోడకు ఆనుకుని అతను. పక్కన నేను. చెంప నున్నగా ఉంది. మెడలో నా ఆకుపచ్చ చున్నీ, దాని అంచున ఇస్త్రీ పెట్టె తగిలి కాలిన గుర్తు. ఆ చున్నీని పొద్దునే ఉతికి హాస్టల్ డాబా మీద ఆరేసి వచ్చాను. యాప్‌లో పెట్టిన ఏ ఫోటోలోనూ అది లేదు.

"గిసుంటి ఫోటోలు ఫోన్లనే తయారు చేస్తున్నరు గద. నిన్ను ఆట పట్టిస్తుండు వాడు," అంది రజిత.

నేనూ అంతే అనుకున్నాను. హాస్టల్‌కు వచ్చి డాబా ఎక్కితే చున్నీ తీగ మీదే ఉంది. చేతిలోకి తీసుకున్నాను. వేయించిన చేపల వాసన వచ్చింది. డ్యాం దగ్గర బండ్ల మీద వేయించే చేపలు. మా హాస్టల్లో చేపలు వండరు.

తర్వాతి సెలవు రోజు మధ్యాహ్నం నరేష్‌ను అదే చోటికి రమ్మన్నాను. రజితను వెంట తీసుకెళ్లాను. ముఖానికి ఏమీ కప్పుకోలేదు. అతను నన్ను చూసి కూడా, నా వెనక ఎవరొస్తున్నారా అని చూస్తున్నాడు.

"నరేష్, నేనే. సరితను," అన్నాను.

అతను లేచి నిలబడ్డాడు. "మీరు... ఆమెకు అక్కనా?"

"నాకు అక్కాచెల్లెండ్లు ఎవలూ లేరు. ఇన్ని దినాలు నీతోని మాట్లాడింది నేనే. ఫోటోల మచ్చ తీసేసి పెట్టిన. కని మొన్న వచ్చింది నేను కాదు."

నవ్వేస్తాడనుకున్నాను. అతను నవ్వలేదు.

"మరి బాసర సంగతి నాకు ఎవలు చెప్పిన్రు? చిన్నప్పుడు అక్షరాభ్యాసానికి పోతే, ఫోటో దిగే ముంగట మా అవ్వ నా చెంపకు పౌడర్ రుద్దుకుంట ఏడ్చిందని చెప్పింది. గీడనే కూసోని చెప్పింది."

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. రజితకూ తెలియదు. అది నాకు గుర్తుందని అవ్వకు కూడా తెలియదు.

నరేష్ నా ముఖం చూడకుండానే అడిగాడు. "ఆమె మళ్ల వస్తదా?"

భయం ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు. అక్కడే, అతని ఎదురుగానే యాప్ తీసేశాను. అతను మళ్లీ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కొన్ని వారాల తర్వాత, ల్యాబ్‌లో ఉండగా అవ్వ ఫోన్ చేసింది.

"మంచిగ చేరినవా బిడ్డా? మీ బాపు పనికాడికెంచి వచ్చేదాక కూడ ఉండకపోతివి."

నేనెప్పుడు వచ్చిన అవ్వా, అని అడగబోయాను. అంతలోనే ఆమె అందుకుంది.

"నా చేతులతోని తడిమి చూసిన గద. గా మచ్చ ఎట్ల పోయింది బిడ్డా? ఏం మందు పెట్టినవ్?"

ఏడుస్తోంది. సంతోషంతో. అవ్వ గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. ఎదురుగా ఒక పెద్దాయన రక్తం ఇవ్వడానికి చేయి చాపి కూర్చున్నాడు. చుట్టూ వెలుతురు, మనుషులు, మిషన్ల చప్పుడు. ఇంటికి వచ్చింది నేను కాదని చెప్పడానికి నోరు రాలేదు.

"క్రీము అవ్వా," అన్నాను.

ఇదంతా ఏమిటో నాకు తెలియదు. రజిత ఇప్పటికీ ఏదో ఒక కారణం వెతుకుతూనే ఉంది. ఒక్కటీ అన్నింటికీ సరిపోవడం లేదు. అప్పటినుంచి నేను సిరిసిల్ల వెళ్లలేదు. ఈ ముఖంతో వెళ్లి అవ్వ ముందు ఎలా నిలబడాలో తెలియడం లేదు. ఆమె ఫోన్ చేస్తూనే ఉంది, సంతోషంగానే మాట్లాడుతోంది. ఇంటికి రమ్మని మాత్రం, నేను అక్కడే ఉన్నట్టు, ఒక్కసారి కూడా అడగడం లేదు.